రేపల్లె పెళ్ళికి వెళ్ళిందెవరు?

బాపట్లలో తేనెటీగల జ్ఞాపకశక్తి మీద పరిశోధన చేస్తున్న రాగసుధ, అదే ల్యాబులో పనిచేసే విజయసారథిని పెళ్ళి చేసుకుంటానని తెనాలిలో అమ్మానాన్నలకు చెప్పేసింది. కుర్రాడిది ఏ ఊరని తండ్రి అచ్యుతరామయ్య అడిగాడు. రేపల్లె అంది. ఏ ఇంటివాళ్ళని అడిగాడు. ఇంటిపేరు వినగానే కాఫీ గ్లాసు కింద పెట్టేసి, మాట్లాడకుండా దొడ్లోకి వెళ్ళిపోయాడు. ఎప్పుడో రేపల్లెలో ఆ ఇంటివాళ్ళ పెళ్ళిలో, వడ్డించిన విస్తరి ముందు నుంచి తనని లేపారు. ఆ ఇంటి మంచినీళ్ళు కూడా ముట్టనని ఆయన అప్పుడే ఒట్టేసుకున్నాడు. రాగసుధ పెళ్ళి సంగతి చెప్పిన మర్నాడే విజయసారథి తల్లి ప్రమీలారాణి ఫోన్ చేసి, "ఆదివారం మేమే వస్తున్నామండీ, కాదనకండి" అంది. కాదనే వ్యవధి ఇవ్వకుండా పెట్టేసింది.

ఆ ఆదివారం వచ్చింది.

పొద్దున్నే తలస్నానం చేసి, ఇస్త్రీ పంచె కట్టుకుని, అచ్యుతరామయ్య హాల్లో పడక్కుర్చీలో కూర్చున్నాడు. వచ్చేవాళ్ళకి మర్యాద చెయ్యడానికి కాదు. అవమానాన్ని ఆమూలాగ్రం చెప్పాలంటే మనిషి శుభ్రంగా ఉండాలని ఆయన అభిప్రాయం. సంస్కృతం లెక్చరరుగా రిటైరైన ఆయన జ్ఞాపకశక్తికి తెనాలిలో పేరుంది. ఎప్పటి శిష్యుడో బజార్లో కనిపిస్తే రోల్ నంబరుతో పిలుస్తాడు. ఏ సంధి దగ్గర తప్పాడో కూడా చెబుతాడు. అందుకే శిష్యులు కొందరు ఆయన్ని దూరంగా చూడగానే కూరల దుకాణంలోకి తప్పుకుంటారు.

రేపల్లె పాసింజరు ఆ రోజు వేళకే వచ్చింది. గేటు చప్పుడైంది. ముందు ఒక పెద్ద క్యారియర్ లోపలికొచ్చింది, దాని వెనక ప్రమీలారాణి, ఆవిడ వెనక రెండు సంచులూ ఒక అరిటాకుల చుట్టా మోస్తూ విజయసారథి. రైల్లో ఎవరో తగిలి క్యారియర్ అడుగుగిన్నె ఒలికినట్టుంది, అతని ప్యాంటు మోకాలి దాకా మజ్జిగపులుసు వాసన వేస్తోంది.

"నమస్కారం అన్నయ్యగారూ! వదినగారేరీ? వంటింట్లోనా? మీరేం వండొద్దని చెప్పండి. అన్నీ తెచ్చేశాను" అంది ప్రమీలారాణి.

"ఏంటివి?" అన్నాడు అచ్యుతరామయ్య.

"మీ భోజనమేనండీ. పులిహోర, గారెలు, బొబ్బట్లు, పనసపొట్టు కూర. ఆ రోజు మా ఇంట్లో మీరు తినకుండా లేచిన విస్తరి ఉంది చూశారూ, అది ఇవాళ పూర్తి చేయించి వెళ్దామని. నేనే వడ్డిస్తాను. మీరు చాలంటే తప్ప ఆపను."

అచ్యుతరామయ్య ఇలాంటిది ఊహించలేదు. కోపగించుకోవడానికి సిద్ధమై కూర్చున్న మనిషికి ఎదుటివాళ్ళు బొబ్బట్లు తెస్తే ఎక్కడ మొదలుపెట్టాలో తోచదు. పైగా నెయ్యి వాసన నేరుగా ఆయన మీదికే వస్తోంది.

"అమ్మా, మీ ఇంటి నీళ్ళు ముట్టనని ఒట్టు" అన్నాడు గొంతు సవరించుకుని.

"నీళ్ళు మీ ఇంటివే తాగండి. ఒట్టు ఒట్టుగానే ఉంటుంది."

వంటింటి గుమ్మంలోంచి తొంగి చూసిన రాగసుధ తల్లి భ్రమరాంబ నవ్వాపుకోలేక మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది.

"నవ్వులాట కాదు! అసలు ఏం జరిగిందో మీకు తెలుసా?" అన్నాడు అచ్యుతరామయ్య.

"ఆ పెళ్ళి మా ఆడపడుచుదండీ. నేనప్పటికి ఆ ఇంటి కోడల్ని కాలేదు, తర్వాత రెండేళ్ళకి వచ్చాను. కానీ మా మామగారు పోయేదాకా అదే బాధపడ్డారు. తెనాలివాళ్ళు అన్నం ముందు నుంచి లేచి వెళ్ళిపోయారు, ఎందుకో తెలీలేదు అనేవారు."

"ఎందుకో తెలీలేదా! లేపినాయనకి తెలీకపోవడమేంటి? విజయసారథీ, నువ్వు కూడా కూర్చుని విను. ఏ ఇంటి పిల్లని అడుగుతున్నావో, ఆ ఇంటికి మీరు చేసిందేంటో తెలియాలి."

విజయసారథి మజ్జిగపులుసు కాలు దూరంగా పెట్టుకుని కూర్చున్నాడు. రాగసుధ గోడకి ఆనుకుని నిలబడి, తండ్రి ఊపిరి పీల్చుకోవడం చూసింది. ఆ ఊపిరి ఆమెకి తెలుసు. ఆ కథ ఎప్పుడు మొదలైనా అలాగే మొదలవుతుంది.

"వైశాఖమాసం. పందిట్లో కాలు పెట్టే చోటు లేదు. నన్ను మూడో పంక్తిలో, స్తంభం పక్కన కూర్చోబెట్టారు. పులిహోర వడ్డించారు. పప్పు వడ్డించారు. నెయ్యి అభిఘరించారు. బొబ్బట్టు వేశారు. తుంచి, నోటిదాకా తెచ్చుకున్నాను. అప్పుడు పడింది నా భుజం మీద చెయ్యి! 'లేవండి, వియ్యాలవారికి చోటు కావాలి' అని! చేతిలో బొబ్బట్టు చేతిలోనే ఉంది. పందిరంతా నా వంకే చూస్తోంది. సన్నాయివాడు కూడా ఊదడం ఆపేశాడు."

"అయ్యో! సన్నాయి ఆగిపోయిందా?" అంది ప్రమీలారాణి, కళ్ళు తుడుచుకుంటూ.

"ఆగిపోయింది."

"నాన్నగారూ," అంది రాగసుధ, "నా చిన్నప్పుడు మీ చేతిలో ఉన్నది గారె."

"ఏంటీ?"

"గారె. నోటిదాకా వచ్చిన గారె అనేవారు. నేను హైస్కూల్లో ఉన్నప్పుడు బూరె అయింది. నాకు ఉద్యోగం వచ్చాక బొబ్బట్టయింది. సన్నాయి ఈ మధ్యే చేరింది. అసలు నాకు ఈ చదువు మీద ఆసక్తి కలిగిందే మీ గారె వల్ల."

అచ్యుతరామయ్య మొహం ఎర్రబడింది. "అంటే నేను అబద్ధం చెబుతున్నానా?"

"అబద్ధం కాదండి మాష్టారూ!" అన్నాడు విజయసారథి కంగారుగా. "మీరు నిజమే చెబుతున్నారు. మీ ప్రోటీన్లు మారాయంతే."

ఆ మాట ఎవరికీ రుచించలేదు. రాగసుధ అతన్ని ఊరుకోమని సైగ చేసి, తండ్రి ఎదురుగా పీట లాక్కుని కూర్చుంది.

"మేం చేసే పని మీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. ఒక్కసారి వినండి. తేనెటీగని చిన్న గొట్టంలో నిలబెడతాం. తల మాత్రం బయట ఉంటుంది. లవంగం వాసన చూపించి, వెంటనే పంచదార నీళ్ళు అందిస్తాం. ఆగి ఆగి కొన్నిసార్లు అలా చేస్తే, తర్వాత వట్టి లవంగం వాసనకే నాలుక చాపుతుంది."

"ఇలాగండి" అని విజయసారథి మాష్టారి వైపు నాలుక బారెడు చాపి చూపించాడు.

ప్రమీలారాణి కొడుకు వీపు మీద ఒక్కటి వేసింది. "సంబంధం మాట్లాడటానికొచ్చి మావగారిని వెక్కిరిస్తావేంట్రా!"

"అది వెక్కిరింత కాదమ్మా, ప్రయోగం..."

"నువ్వు లోపలికెళ్ళి కాలు కడుక్కోరా బాబూ" అంది ఆవిడ. విజయసారథి వెళ్ళాడు.

రాగసుధ మళ్ళీ అందుకుంది. "ఒక్కసారి వాసన చూపించి వదిలేస్తే కాసేపే గుర్తుంటుంది. దానికి కొత్తగా కట్టేదేమీ ఉండదు. రెండు నరాల కణాలు కలిసే చోట, అప్పటికే ఉన్న ప్రోటీన్లు కొంచెం మారి సర్దుకుంటాయి. మళ్ళీ మామూలైపోతాయి. అదే రేపటికీ ఎల్లుండికీ గుర్తుండాలంటే, ఆ కబురు కణం లోపల జన్యువుల దాకా వెళ్ళాలి. అక్కడ స్విచ్చులాంటి ప్రోటీన్ ఒకటి ఉంటుంది. అది పనిచేస్తే కొత్త ప్రోటీన్లు తయారై వస్తాయి. అప్పుడు ఆ కలిసే చోటు గట్టిపడుతుంది, ఒక్కోసారి కొత్త కలయికలు కూడా పుడతాయి."

"అంటే ముందు చాపేసుకు పడుకోవడం, తర్వాత ఇల్లు కట్టుకోవడం, అంతేనా?" అంది భ్రమరాంబ వంటింట్లోంచి.

"అంతేనమ్మా. ఆ కొత్త ప్రోటీన్లు తయారవకుండా మందిస్తే ఈగకి ఆ పూటకి గుర్తుంటుంది. రెండ్రోజుల తర్వాత లవంగం చూపిస్తే, ఎవరు నువ్వు అన్నట్టు చూస్తుంది."

అచ్యుతరామయ్య కుర్చీలో వెనక్కి వాలాడు. ఆయనకి గెలుపు కనిపించింది. "బాగుంది. నాకు ఇన్నేళ్ళుగా గుర్తుందంటే ఇల్లు కట్టినట్టే. గట్టి ఇల్లు. నీ నోటితోనే ఒప్పుకున్నావు."

"చిక్కంతా అక్కడే ఉంది నాన్నగారూ. అలా కట్టింది కూడా, మళ్ళీ గుర్తు తెచ్చుకున్నప్పుడు కొన్నిసార్లు మెత్తబడుతుంది. తిరిగి గట్టిపడాలంటే మళ్ళీ కొత్త ప్రోటీన్ కావాలి. ఎలకల్లో చూశారు, ఈగల్లో చూశారు. మనుషుల సంగతి మీద ఇంకా వాదాలున్నాయి. కానీ ఆ మెత్తగా ఉన్నప్పుడు పక్కనున్నది ఏదైనా అందులో కలిసిపోవచ్చు. మీరు ఎవరింటికి భోజనానికి వెళ్ళినా ఈ కథ చెబుతారు. చెప్పేటప్పుడు మీ విస్తట్లో బొబ్బట్టు ఉంటుంది. గారె వెళ్ళి బొబ్బట్టు వచ్చింది."

పాఠం చెప్పి చెప్పి అలవాటైన మనిషి, ఎదుటివాళ్ళ వాదంలో పగులు ఎక్కడుందో వెతకడం ఆయనకి ఊపిరి పీల్చినంత సహజం. దొరికింది.

"సరే. నేను చిన్నప్పుడు నేర్చుకున్న శ్లోకాలు ఇప్పటికి ఎన్ని వేలసార్లు చదివుంటాను? చదివినప్పుడల్లా మెత్తబడితే ఈపాటికి ఒక్క అక్షరం మిగలకూడదే! హ్రస్వం దీర్ఘం కాలేదే! గారె మారినప్పుడు శ్లోకం ఎందుకు మారలేదు?"

ప్రమీలారాణి మెచ్చుకోలుగా తలూపింది. ఆవిడ వచ్చింది సంబంధం కుదుర్చుకోవడానికి, అయినా ఆ మాట బాగుందనిపించింది.

రాగసుధకి కూడా బాగుందనిపించింది. ల్యాబులో ఇంత మంచి ప్రశ్న ఎవరూ అడగలేదు.

"శ్లోకం తప్పు చదివితే మీ గురువుగారు చెవి మెలేసేవారా లేదా?"

"రక్తం వచ్చేలా మెలేసేవారు."

"తర్వాత మీరు మీ శిష్యుల చెవులు మెలేశారు. పదిమంది కలిసి చదివేటప్పుడు ఒకడు తప్పితే తొమ్మిదిమంది సరిదిద్దుతారు. శ్లోకం మెత్తబడినా మళ్ళీ అదే అచ్చులో గట్టిపడుతుంది. మరి ఈ కథ మీరొక్కరే చెబుతారు. ఇందులో తప్పితే చెవి మెలేసేవాళ్ళెవరు నాన్నగారూ?"

అచ్యుతరామయ్య నోరు తెరిచాడు, కానీ జవాబు ఆయన నోట్లోంచి రాలేదు. వంటింట్లోంచి వచ్చింది.

"నేను మెలేద్దామనే అనుకున్నాను, చాలాసార్లు."

భ్రమరాంబ చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆవిడ సాధారణంగా హాల్లో జరిగే వాదాల్లోకి రాదు. ఇవాళ కూతురి మొహం చూసి వచ్చింది.

"ఎందుకులే, ముచ్చటపడి చెబుతున్నారు, నలుగురూ వింటున్నారు అని ఊరుకున్నాను. ఇప్పుడు పిల్ల పెళ్ళి దాకా వచ్చింది కాబట్టి చెబుతున్నాను. మీరు ఆ పెళ్ళికి వెళ్ళలేదండీ."

"ఏంటీ?"

"రేపల్లె పెళ్ళికి మీరు వెళ్ళలేదు. మీకప్పుడు గవదబిళ్ళలు."

విజయసారథి కాలు కడుక్కుని వచ్చి, ఏం జరిగిందో తెలియక గుమ్మంలోనే ఆగిపోయాడు.

"నేను కొత్తగా కాపరానికొచ్చాను. అప్పుడే మీకు రెండు దవడలూ వాచిపోయాయి, రెండు పక్కలా గోంగూర ఉండలు పెట్టుకున్నట్టు. నోరు తెరుచుకునేది కాదు. జావ తప్ప ఏమీ దిగలేదు. బొబ్బట్టు కాదు గదా, అరటిపండు కూడా తినలేకపోయారు. ఇంట్లో మంచం మీద, చెవుల మీంచి తలగుడ్డ చుట్టుకుని పడుకున్నారు."

"నాకు గవదబిళ్ళలు వచ్చింది నిజమే. కానీ అది..." అన్నాడు అచ్యుతరామయ్య. చెయ్యి తనకి తెలియకుండానే దవడ మీదికి వెళ్ళింది.

"మొదట్లో మీరు సరిగ్గానే చెప్పేవారు. 'రేపల్లెలో మనవాళ్ళని విస్తరి ముందు నుంచి లేపారట' అనేవారు. అమ్మాయి పుట్టేనాటికి ఆ 'అట' పోయింది. తర్వాత 'మమ్మల్ని లేపారు' అన్నారు. మావాళ్ళ గృహప్రవేశంలో 'నన్ను లేపారు' అన్నారు. నేను అప్పుడు మజ్జిగ వడ్డిస్తున్నాను. విని ఉలిక్కిపడి పక్కాయన పంచె మీద పోశాను. మీకు గుర్తుండే ఉంటుంది."

మజ్జిగ పోయడం ఆయనకి గుర్తుంది. ఎందుకు పోసిందో ఇన్నాళ్ళూ తెలియదు.

రాగసుధకి విజయగర్వం కలగాల్సింది, కలగలేదు. తండ్రి తన కుడి భుజం వంక చూసుకుంటున్నాడు. ఆ భుజం మీద ఒక చెయ్యి బరువు ఆయనకి నిజంగా తెలుసు. చేతి వెంట్రుకలు, వేలికున్న ఉంగరం, చెమట వాసన, అన్నీ తెలుసు. అవి ఎక్కడి నుంచి వచ్చినట్టు?

ఆమె లేచి వెళ్ళి ఆయన పక్కన నిలబడింది. "ఇది మీకొక్కరికే జరిగేది కాదు నాన్నగారూ. అందరి బుర్రా ఇంతే."

ఆ మాటతో ఆయనకి ప్రాణం లేచొచ్చింది. "అందరి బుర్రా ఇంతేనా? అయితే మీ అమ్మ బుర్ర మాత్రం? ఆవిడ చెప్పేది మెత్తబడలేదని ఏంటి నమ్మకం? గవదబిళ్ళలు ఇంకో పెళ్ళప్పుడు వచ్చుండొచ్చుగా!"

"అది న్యాయమైన ప్రశ్నేనండి" అన్నాడు విజయసారథి. రాగసుధ అతని వంక చూసిన చూపుకి మళ్ళీ కాలు కడుక్కోవడానికి వెళ్ళాలనిపించింది అతనికి.

"పోనీ, నేను వెళ్ళలేదే అనుకుందాం. మన ఇంటి తరఫున ఎవరో ఒకరు వెళ్ళుండాలి కదా. లేపారన్న మాట గాల్లోంచి రాదు. ఎవరు వెళ్ళారు?"

భ్రమరాంబ "పొయ్యి మీద పాలున్నాయి" అని గబగబా లోపలికి వెళ్ళిపోయింది. పాలు కాగుతున్న వాసనేమీ రాగసుధకి రాలేదు.

"దశరథుడు!" అన్నాడు అచ్యుతరామయ్య, తొడ మీద చరుచుకుని. "మీ మావయ్యే వెళ్ళుంటాడు. లేపింది వాణ్ణే. బావమరిదిని లేపితే నన్ను లేపినట్టు కాదూ? అవమానం ఎక్కడికీ పోలేదు. వాడికి ఫోన్ చెయ్యమ్మాయ్. అందరికీ వినపడేలా పెట్టు."

భ్రమరాంబ అన్నగారు దశరథరామయ్య బాపట్లలో ఉంటాడు. చెవుడు కాస్త ఉండటంతో ఫోన్లో ఎప్పుడూ అరిచే మాట్లాడతాడు. రాగసుధ ఫోన్ బల్ల మీద పెట్టింది.

"మావయ్యా, రేపల్లెలో పెళ్ళి ఒకటి, నాన్నగారికి గవదబిళ్ళలు వచ్చినప్పుడు..."

"ఆ, గవదబిళ్ళలా! ఎందుకు గుర్తులేదమ్మా! మీ నాన్న మొహం చూసి గుర్తుపట్టలేకపోయాను. ఎవరో అనుకుని నమస్కారమండీ అన్నాను" అన్నాడు దశరథరామయ్య. ప్రమీలారాణి కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

అచ్యుతరామయ్య ఫోన్ మీదికి వంగాడు. "బావా, నేనే. ఆ పెళ్ళికి నువ్వు వెళ్ళావు. అవునా? పంక్తిలోంచి లేపింది నిన్నే కదూ?"

"నన్నా? నేనెలా వెళ్తాను బావా? వారంరోజులూ మీ మంచం పక్కన కూర్చుని గ్లాసుతో జావ పోసింది నేనే గదా! సగం నా చొక్కా మీదే ఉమ్మేశారు."

"మరి ఎవరు వెళ్ళారు?"

"మీ అమ్మగారు వెళ్ళారు. తోడుగా మా భ్రమరాంబని తీసుకెళ్ళారు."

ప్రమీలారాణి నవ్వు ఆగిపోయింది. రాగసుధ వంటింటి వైపు చూసింది. అక్కడ గిన్నె చప్పుడు కూడా లేదు.

"అంటే... లేపింది మా అమ్మనా?" అన్నాడు అచ్యుతరామయ్య నెమ్మదిగా.

"మీ అమ్మగారిని లేపగలిగే మనిషి అప్పటికింకా పుట్టలేదు బావా. లేపింది భ్రమరాంబని. కొత్తకోడలు, పద్దెనిమిదేళ్ళ పిల్ల, కలిపిన ముద్ద నోట్లో పెట్టుకోకుండా లేచి, సాయంత్రం రైలు దాకా ఆకలితోనే ఉంది. ఇంటికొచ్చి నా దగ్గర ఏడ్చింది. ఎవరికీ చెప్పొద్దని చేతిలో చెయ్యి వేయించుకుంది. ఇన్నేళ్ళూ చెప్పలేదు. మీరు ఆ కథ మీదని చెప్పుకుంటుంటే కూడా ఊరుకున్నాను."

ప్రమీలారాణి గుండె మీద చెయ్యి వేసుకుంది. "అయ్యో వదినగారూ... అన్నయ్యగారూ, మా మామగారు ఎంత మంచివారైనా, ఆడపిల్లని అలా లేపడం చాలా తప్పండీ. ఆయన తరఫున నేను..."

"ఎవరమ్మా అది?" అన్నాడు ఫోన్లో దశరథరామయ్య. "రేపల్లె వాళ్ళా? మీరెందుకమ్మా క్షమాపణ చెప్పడం? మీవాళ్ళు కాళ్ళావేళ్ళా పడి కూర్చోమన్నారు. మా చెల్లెల్ని విస్తరి ముందు నుంచి లేపింది మీవాళ్ళు కాదు."

అచ్యుతరామయ్య చెయ్యి భుజం మీదికి వెళ్తూ సగంలో ఆగింది.

"మరెవరు?"

"అన్నయ్యా!"

భ్రమరాంబ హాలు మధ్యకి వచ్చింది. ఆవిడ గొంతు అంత గట్టిగా ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ వినలేదు. "ఫోన్ పెట్టెయ్యి. నీకు దణ్ణం పెడతాను, పెట్టెయ్యి."

అవతల దశరథరామయ్య తటపటాయిస్తున్నట్టు ఊపిరి వినిపించింది. రాగసుధ ఫోన్ అందుకోబోయింది. అచ్యుతరామయ్య ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు. భార్య మొహంలోకి చూశాడు. ఆ మొహంలో భయం ఆవిడ కోసం కాదని, తనకి ఏదో తెలియకూడదన్న భయమని ఆయనకి అర్థమైంది. ఆ పెళ్ళికి ఆవిడతో వెళ్ళింది తన అమ్మ ఒక్కతే.

"పెట్టెయ్యకు బావా," అన్నాడు. "చెప్పు."